నాన్న రిటైర్మెంటుకు ఎర్ర బస్సు కేకు – మే ఎండకు నిలబడుతుందా?

కర్నూలు పెద్దకూతురు · మే 16, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. ఈ నెల 31న రిటైరవుతున్నారు. ఉద్యోగంలో సగం పైన శ్రీశైలం రూటే. ఆత్మకూరు, దోర్నాల మీదుగా ఆ ఘాటు ఎన్నిసార్లు ఎక్కి దిగారో ఆయనకే తెలీదు. డిపోలో సన్మానం అయిపోయాక సాయంత్రం ఇంటి దగ్గర ఒక నలభై మంది చుట్టాలం చేరుతున్నాం.

షాపులో అడిగితే బస్సు ఫోటో అచ్చేసి ఇస్తామన్నారు. నాకు మనసొప్పలేదు, నేనే చేద్దామనుకుంటున్నా. ఇప్పటిదాకా చేసినవన్నీ పిల్లల పుట్టినరోజులకు గుండ్రటి కేకులు, పైన నాలుగు క్రీము పూలు. ఈసారి అచ్చం బస్సులా నిలబడే కేకు చేయాలని ఉంది. ఎరుపు రంగు, కిటికీలు, ముందు రూటు బోర్డు, అన్నీ.

ఇంట్లో ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంది. ఒక డోరు ఫ్రిజ్. ఏసీ ఒక్క బెడ్రూములోనే. ఆ రోజు శనివారం, నాయనమ్మ కూడా ఉంటుంది కాబట్టి గుడ్డు లేకుండా చేయాలి. కర్నూలు మే ఎండ సంగతి మీకు వేరే చెప్పాలా. ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.

కడప చిన్నమ్మ · మే 16, రాత్రి 10:05

ముందు ఫ్రిజ్ కొలువు తల్లీ. కేకు సంగతి తర్వాత.

నవ్వులాటకు చెప్పడం లేదు. మా చిన్నాడి పుట్టినరోజుకు క్రికెట్ గ్రౌండు చేశాను. చేశాక చూస్తే కేకు కింది అట్ట ఫ్రిజ్‌లో పట్టలేదు. పక్కింటికి, ఎదురింటికి పట్టుకుని తిరిగేసరికి పిచ్ ఒక పక్కకు జారి బౌండరీ దాటింది. టేపు తీసుకుని అర వెడల్పు, లోతు, పై అరకు మధ్య ఎత్తు రాసుకో.

ఆదోని అబ్బాయి · మే 16, రాత్రి 10:31

"ఎర్ర బస్సెక్కి వచ్చినావా" అని ఎగతాళి చేసినోళ్లందరి ముందుకు ఎర్ర బస్సునే కేకుగా తెస్తున్నారు. సూపరక్కా.

ఒక్క మాట మాత్రం నా చేదు అనుభవం నుంచి. విప్పింగ్ క్రీము ఆ ముందురోజు కొనొద్దు. మా ఆవిడ పుట్టినరోజుకు కర్నూల్లో గడ్డకట్టిన క్రీము ప్యాకెట్ కొని బస్సులో ఆదోని తెచ్చా. దిగేసరికి నీళ్లయింది. తెలివిగా మళ్లీ డీప్ ఫ్రీజర్లో పెట్టి గట్టిపరిచా. మరునాడు బీటర్ అరగంట తిప్పినా మజ్జిగలాగే ఉంది. చివరికి జామ్ పూసి, జెమ్స్ బిళ్లలు చల్లి "థీమ్ ఇదే" అన్నా. నమ్మినట్టు నటించింది పాపం.

అనంత ఓవెన్ · మే 17, ఉదయం 6:20

ఆదోని తమ్ముడూ, కరిగిన క్రీమును మళ్లీ గడ్డకట్టిస్తే అందులో నూనె, నీరు విడిపోతాయి. ఇక ఎంత తిప్పినా లేవదు. కొన్నప్పుడే థర్మాకోల్ డబ్బాలో ఐసు వేసి తెచ్చుకోవాలి. వాడే ముందు రాత్రి ఫ్రీజర్లోంచి కింద అరలోకి మార్చాలి. లోపల ఇంకా కాస్త ఐసు పలుకులు తగులుతుండగానే తిప్పితే బాగా పొంగుతుంది.

పెద్దకూతురు గారూ, నేను అనంతపురంలో ఇంటి దగ్గరే పన్నెండేళ్లుగా కేకులు చేస్తున్నాను. నా మాట వింటే నిలబడే బస్సు వద్దు. మొదటిసారి చెక్కే కేకు, అదీ మేలో, చాలా రిస్కు. నాలుగు పొరలు ఎత్తుగా పేర్చి నిలువు గోడలకు ఎర్ర క్రీము పూస్తే, పవర్ కట్ పడిన అరగంటకు బస్సు ఘాట్ రోడ్డు మీద బోల్తా కొట్టినట్టు ఒరుగుతుంది. బటర్ క్రీము అసలే వద్దు. వెన్న 32, 35 డిగ్రీలకే కరిగిపోతుంది, మన వంటింట్లో ఆ వేడి పొద్దున పదికే ఉంటుంది.

పలకలాగా ఉండే కేకు చేయండి. 12 బై 8 అంగుళాల ట్రేలో రెండు పొరలు. ఒకటిన్నర అంగుళం ముక్కలు కోస్తే పొడుగున ఎనిమిది, అడ్డం అయిదు. మీ నలభై మందికి సరిగ్గా సరిపోతుంది. పైనా పక్కలా క్రీముకు బదులు డార్క్ గనాష్, అంటే చాక్లెట్, క్రీము కలిపి కరిగించిన పూత. మామూలు రోజుల్లో ఒకటికి ఒకటి వేస్తారు, మన ఎండలకు చాక్లెట్ రెండు వంతులు, క్రీము ఒక వంతు ఉండాలి. 600 గ్రాముల కాంపౌండ్ (కేకులకు వాడే చాక్లెట్ పలక)‌కు 300 గ్రాముల ఫ్రెష్ క్రీము. నల్లగా నున్నగా ఉంటుంది కాబట్టి అదే మీ తారు రోడ్డు. బస్సును విడిగా చాక్లెట్‌తో బిళ్లలా పోసి దాని మీద పడుకోబెట్టండి.

గుంతకల్లు రైలు · మే 17, ఉదయం 8:02

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. నేను ఫాండెంట్ (బొమ్మలు చేసే చక్కెర ముద్ద)‌తో ఇంజను చేసి బుద్ధి తెచ్చుకున్నా. మాది రైల్వే క్వార్టర్సు. మావాడికి రైలు పిచ్చి, అయిదో పుట్టినరోజు. స్విస్ రోల్స్ పెట్టెలుగా, క్రీము బిస్కెట్లు చక్రాలుగా పెడితే అవి బ్రహ్మాండంగా కుదిరాయి. కానీ ఇంజను మాత్రం గొప్పగా ఉండాలని ఫాండెంట్‌తో బొమ్మలా చేశా.

పొద్దున చేసేటప్పుడు మన పొడి గాలికి బీటలు. ఏనుగు చర్మంలా అయింది. ప్లాస్టిక్ కవరు కప్పుకుంటూ ఎలాగో చేశా. మధ్యాహ్నం ఉక్కపోతగా ఉందని మా ఆయన కూలర్ వేశాడు. ఆ తేమకు ఇంజనుకు చెమటలు పట్టి, చిమ్నీ కిందికి వంగి, సాయంత్రానికి డ్రైవరు క్యాబిన్లోకి వచ్చేసింది. మావాడు ఏడవలేదు, "యాక్సిడెంట్ రైలు" అని గంతులేశాడు. నేనే ఏడ్చా.

కాబట్టి ఫాండెంట్ ఉన్న గదిలో కూలర్ వేయకండి. ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టినా అంతే, గాలిలో తేమంతా దాని మీదే చేరుతుంది. తడి క్రీము మీద పెడితే అడుగు నుంచి కరుగుతుంది.

కడప చిన్నమ్మ · మే 17, ఉదయం 8:40

ఫాండెంట్ ఎవరు తింటారు అసలు? చక్కెర ముద్ద. పిల్లలు పైపొర ఒలిచి ప్లేటు అంచున పెడతారు. ఆ విప్పింగ్ క్రీమూ అంతే, వనస్పతి. నోటి పైభాగానికి అంటుకుని కాఫీ తాగినా పోదు. నేను ఫ్రెష్ క్రీమే వాడతా.

అనంత ఓవెన్ · మే 17, ఉదయం 9:15

చిన్నమ్మా, రుచిలో మీదే గెలుపు, ఒప్పుకుంటున్నా. కానీ మామూలుగా దొరికే ఫ్రెష్ క్రీము ప్యాకెట్లలో కొవ్వు 25 శాతమే. నురగ నిలబడాలంటే 30 దాటాలి. గనాష్‌కు, పాయసానికి అది భేషుగ్గా పనికొస్తుంది. పూలు వేయడానికి పనికిరాదు.

కడప చిన్నమ్మ · మే 17, ఉదయం 9:18

అందుకేనా నా పూలు ఎప్పుడూ ఇడ్లీల్లా వచ్చేది.

కర్నూలు పెద్దకూతురు · మే 17, మధ్యాహ్నం 2:10

చిన్నమ్మ గారూ, కొలిచాను. అర వెడల్పు 17 అంగుళాలు, లోతు 12. అక్క చెప్పిన 12 బై 8 కేకుకు 14 బై 10 అట్ట వేసినా పడుతుంది. బతికిపోయాను. గుడ్డు లేని కేకుకు కొలత, ఆ చాక్లెట్ బిళ్ల ఎలా పోయాలో కాస్త వివరంగా చెప్తారా అక్కా?

అనంత ఓవెన్ · మే 17, రాత్రి 10:50

ఇవాళ రెండు ఆర్డర్లు, ఇప్పుడే చేతులు కడుక్కున్నా.

కేకుకు పెరుగు కొలత చెప్తున్నా. ఒక కప్పు పెరుగులో ముప్పావు కప్పు చక్కెర కరిగేదాకా కలిపి, అర చెంచా వంట సోడా, ఒకటింపావు చెంచా బేకింగ్ పౌడరు వేసి అయిదు నిమిషాలు వదిలేయండి. బుసబుస పొంగుతుంది. అరకప్పు నూనె, వెనిలా, జల్లించిన ఒకటిన్నర కప్పు మైదా. ఎక్కువ కలపొద్దు, రబ్బరు అవుతుంది. మీ ట్రేకు ఈ కొలత రెండింతలు కావాలి, అలా రెండు ట్రేలు. 180 డిగ్రీలు, 35 నిమిషాల నుంచి పుల్ల గుచ్చి చూడండి. మేలో పెరుగు గంటకో పులుపు, పొద్దున తోడుకున్నది అప్పుడే వాడేయండి.

ఇక బస్సు. బస్సు ఫోటో ప్రింటు తీసి ప్లేటుకు అతికించి, దాని మీద బటర్ పేపరు పరవండి. కరిగించిన డార్క్ కాంపౌండ్‌ను బటర్ పేపరు కోనులో పోసి, సూది మొనంత రంధ్రం చేసి, కింద కనిపించే బొమ్మ గీతలన్నీ గీయండి. అయిదు నిమిషాలు ఫ్రిజ్. తర్వాత కిటికీలకు తెలుపు, ఒళ్లంతా ఎరుపు నింపండి. దాని మీద మరో పొర కాంపౌండ్ పోసి మందం పెంచాలి, లేకపోతే ఎత్తేటప్పుడు విరుగుతుంది. పది నిమిషాలు ఫ్రీజర్లో పెట్టి, తిరగేసి పేపరు ఒలిస్తే అద్దంలా మెరుస్తుంది.

ఇక్కడ అందరూ పొరపడేది ఒకటుంది. మనం క్రీముకు వాడే జెల్ రంగు చాక్లెట్లో వేయకూడదు. అందులో నీరు ఉంటుంది. ఒక్క చుక్క పడినా చాక్లెట్ ఉప్మాలా ముద్దకడుతుంది. చాక్లెట్‌కు నూనె ఆధారంగా చేసిన రంగు వేరే ఉంటుంది, అదే అడిగి తీసుకోండి. లేదంటే ఎర్ర రంగు కాంపౌండే దొరుకుతుంది.

ఇంకోటి, తిరగేస్తాం కాబట్టి అక్షరాలు అద్దంలో కనిపించినట్టు రాయాలి, తలకిందులుగా కాదు, కుడి ఎడమలు తారుమారుగా. లేకపోతే రూటు బోర్డు ఎవరికీ అర్థం కాదు.

ఆదోని అబ్బాయి · మే 17, రాత్రి 11:04

రూటు బోర్డు ఎవరికీ అర్థం కాకపోతేనే ఒరిజినల్ బస్సు కదక్కా.

నల్లమల బాబాయ్ · మే 18, ఉదయం 5:55

నేను కూడా డిపోలోనే చేసి దిగినోణ్ణి. కేకుల గురించి నాకు తెలీదు, బస్సు గురించి చెప్తా. అమ్మా, ఆ ఫోటో ఇంటర్నెట్లో వెతకొద్దు, వేరే రాష్ట్రం బండి పెట్టేస్తావ్, మీ నాయన చూడగానే కనిపెడతాడు. స్టాండుకు పోయి డోరు పక్కనుంచి నువ్వే తీసుకో. ముందు అద్దం పైన బోర్డు, పక్కన వయా బోర్డు వేరే ఉంటుంది. శ్రీశైలం బండికి ఆత్మకూరు, దోర్నాల రాయాలి. డ్రైవరు ఎదురుగా దేవుడి పటం, పూలదండ మరిచిపోవద్దు. నిమ్మకాయ కూడా.

కర్నూలు పెద్దకూతురు · మే 18, ఉదయం 7:30

నిమ్మకాయ! బాబాయ్, నేను నిజంగా మరిచిపోయేదాన్ని. పసుపు చాక్లెట్ చుక్క ఒకటి వేస్తా.

ప్రొద్దుటూరు పసిడి · మే 18, ఉదయం 11:20

బస్సు చుట్టూ బంగారు మెరుపు చల్లితే బాగుంటుంది కదా? మా దగ్గర గ్లిటర్ డబ్బా ఉంది, నాన్ టాక్సిక్ అని రాసుంది.

అనంత ఓవెన్ · మే 18, ఉదయం 11:48

వద్దండీ. నాన్ టాక్సిక్ అంటే తినగానే విషం కాదని మాత్రమే, తినొచ్చని కాదు. అది క్రాఫ్టు పనులకు. ఎడిబుల్ అని, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరుతో ఉన్నదే కేకు మీద వేయాలి. మిఠాయిల మీద వేసే వెండి రేకు మంచి షాపుది ఉంటే అది నయం.

ప్రొద్దుటూరు పసిడి · మే 18, మధ్యాహ్నం 12:01

పోయిన దసరాకి మా తోడికోడలు కేకు మీద అదే డబ్బా సగం చల్లాను. ఇంక ఈ విషయం ఇక్కడితో వదిలేయండి.

పల్లె అనంత · మే 19, రాత్రి 8:14

ఎర్ర బస్సు మధ్యలో నా గోల ఒకటి. మా మామయ్యకు భీమరథ శాంతి, డెబ్బై నిండుతున్నాయి. జీవితమంతా చెనిక్కాయ (వేరుశనగ) పంటే. చేను థీమ్‌తో కేకు చేయాలనుకుంటున్నా. మా ఎర్రమట్టి ఎలా తేవాలి?

గుంతకల్లు రైలు · మే 19, రాత్రి 8:40

గ్లూకోజ్ బిస్కెట్లు పొడి కొట్టి, కొంచెం కోకో, చిటికెడు ఎర్ర పొడి రంగు. మరీ మెత్తగా కాకుండా అక్కడక్కడ పెళ్లలు ఉండాలి. సాళ్లు ఫోర్కుతో గీయండి. మొక్కలకు 233 నంబరు నాజిల్ (క్రీము పిండే మూతి)‌తో ఆకుపచ్చ క్రీము, గడ్డిలా వస్తుంది.

కర్నూలు పెద్దకూతురు · మే 19, రాత్రి 9:02

బుడ్డల చేనా! మా పక్కైతే నల్లరేగడి, చాక్లెట్ బిస్కెట్లు అలాగే నలిపితే చాలు.

పల్లె అనంత · మే 19, రాత్రి 9:05

బుడ్డలు ఏందక్కా, చెనిక్కాయలు.

కడప చిన్నమ్మ · మే 19, రాత్రి 9:11

ఏదైనా ఒకటే, వేయించిన పప్పు పొడి బెల్లం పాకంలో కలిపి చేత్తో కాయలు చుట్టు. ఫాండెంట్ కాయల కంటే ఇవే ముందు అయిపోతాయి. ఫోర్కు వెనక భాగంతో గీతలు ఒత్తితే తొక్క మీది గళ్లు అచ్చం వస్తాయి.

అనంత ఓవెన్ · మే 20, ఉదయం 6:35

శాంతి అంటే గుర్తొచ్చింది. మా అత్తగారి నాన్నకు సహస్ర చంద్ర దర్శనం చేసినప్పుడు వెయ్యి చంద్రుళ్లు కేకు మీద పెడతానని గొప్పగా చెప్పాను. ఏడాదికి పన్నెండు పున్నములు దాటి వస్తాయి కదా, ఎనభై ఏళ్లు నిండి ఎనభై ఒకటి వచ్చే లోపు వెయ్యి అవుతాయి. తెల్ల చాక్లెట్ చుక్కలు పెట్టడం మొదలుపెట్టా. మూడు వందల దగ్గర నడుం పట్టేసింది. మిగతావి అమావాస్యలని చెప్పేశా.

కర్నూలు పెద్దకూతురు · మే 25, రాత్రి 10:16

రిహార్సల్ చేశానండీ. చిన్న బిళ్ల. ఎరుపు అదిరిపోయింది, నూనె రంగే వేశా. కానీ అక్షరాలు! అద్దంలో "కర్నూలు" ఎలాగో వచ్చింది, "శ్రీశైలం"లో శ్రీ దగ్గర చెయ్యి తిరగడం లేదు. చిన్నప్పటి నుంచి ఒక పక్కకు అలవాటైన చేతిని ఇంకో పక్కకు తిప్పడం ఇంత కష్టమనుకోలేదు. ఏడు సార్లు రాసి ఏడు సార్లు తిన్నా.

గుంతకల్లు రైలు · మే 25, రాత్రి 10:30

కాగితం మీద నల్ల స్కెచ్ పెన్నుతో మామూలుగా రాసి, కాగితం తిరగేసి కిటికీ అద్దానికి ఆనించండి. వెలుతురుకు వెనక నుంచి తిరగబడ్డ అక్షరాలు కనిపిస్తాయి. వాటి మీదే దిద్దుకుని, ఆ వైపు పైకి పెట్టి బటర్ పేపరు పరవండి.

కర్నూలు పెద్దకూతురు · మే 25, రాత్రి 11:12

వచ్చింది!! శ్రీ వచ్చింది!

కర్నూలు పెద్దకూతురు · మే 30, రాత్రి 11:55

ప్రోగ్రెస్ చెప్తున్నా. కేకులు రెండూ మధ్యాహ్నం అయ్యాయి. సాయంత్రం పలుచగా ఒక పూత గనాష్ పూసి పొడి అంతా దానికి అంటుకున్నాక ఫ్రిజ్‌లో పెట్టా, అరగంట తర్వాత రెండో పూత. రెండో పూత మధ్యలో కరెంటు పోయింది. గిన్నె కింద ఐసు నీళ్లు పెట్టుకుని సెల్ లైటు వెలుతురులో పూసేశా. బస్సు బిళ్ల 11 అంగుళాలు, ఎక్కడా విరగలేదు. పేపరు ఒలుస్తుంటే మా చెల్లెలు ఊపిరి బిగబట్టి నిలబడింది. రోడ్డు పక్కన నల్లమల చెట్లు రేపు పొద్దున వేస్తా. పడుకోవాలి, నిద్ర పట్టేట్టు లేదు.

నల్లమల బాబాయ్ · మే 31, ఉదయం 5:40

మీ నాయనకు నా తరఫున చెప్పమ్మా. చివరి డ్యూటీ బండి దిగేటప్పుడు స్టీరింగ్ ఒకసారి నిమురుతాడు చూడు. అందరం చేస్తాం.

కర్నూలు పెద్దకూతురు · జూన్ 1, మధ్యాహ్నం 12:20

అందరికీ ముందు దండాలు. కేకు నిలబడింది. ఏసీ గదిలోంచి హాల్లోకి కోసే పది నిమిషాల ముందే తెచ్చాం. గనాష్ అంచుల్లో కాస్త మెరిసింది కానీ జారలేదు. చెట్లు మాత్రం కొంచెం మెత్తబడి తుప్పల్లా అయ్యాయి, పర్లేదు, వేసవిలో నల్లమల అలాగే ఉంటుంది.

నాన్న వచ్చి టేబుల్ ముందు నిలబడ్డారు. ఎవరూ మాట్లాడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, వంగి దగ్గర నుంచి చూశారు. నిమ్మకాయ చూసి నవ్వారు. వయా బోర్డు పైకే చదివారు, "ఆత్మకూరు, దోర్నాల". నేను ఏడుపు ఆపుకుంటూ ఉన్నా. అప్పుడు ఆయన వేలు చూపించి, "అమ్మా, డోరు కుడి పక్కన పెట్టినావేంది? ప్యాసింజర్లు నడిరోడ్డు మీద దిగాల్నా?" అన్నారు.

నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. అక్షరాలు తిప్పి రాసుకున్నా కానీ బస్సు ఫోటో తిప్పలేదు! డోరు పక్క నుంచి తీసిన ఫోటోలో బస్సు ముందు భాగం ఎడమకు ఉంది. బిళ్ల తిరగేశాక కుడికి వచ్చేసింది. ఏడు సార్లు శ్రీ రాసిన దాన్ని, ఇది చూసుకోలేదు. హాలంతా ఒకటే నవ్వు.

కోసేటప్పుడు బస్సు మీద కత్తి పెట్టనివ్వలేదు. బిళ్లను మెల్లగా ఎత్తించి కింద కేకు మాత్రం పంచమన్నారు. ఇప్పుడు బస్సు మా ఫ్రీజర్లో పార్కింగ్‌లో ఉంది. ఐసు ట్రేలకు చోటు లేదని అమ్మ పొద్దుటి నుంచి గొణుగుతోంది.

అనంత ఓవెన్ · జూన్ 1, మధ్యాహ్నం 12:45

అయ్యో, అక్షరాలు అని చెప్పి ఫోటో కూడా తిప్పమని చెప్పకపోవడం నా తప్పే. ప్రింటు తీసేటప్పుడే ఫోన్లో ఫ్లిప్ కొట్టి ఉంటే రెండూ సరిపోయేవి. మన్నించండి.

కడప చిన్నమ్మ · జూన్ 1, మధ్యాహ్నం 1:02

తప్పేం లేదు. డోరు కరెక్టుగా ఉంటే ఆయన ఏం మాట్లాడేవాడు, అందరి ముందు ఏడ్చేవాడు.

నల్లమల బాబాయ్ · జూన్ 1, సాయంత్రం 4:30

కుడి పక్కన వెనకాల ఎమర్జెన్సీ డోరు ఉంటుంది కదమ్మా. ఇది అదేనని చెప్పు.

కర్నూలు పెద్దకూతురు · జూన్ 1, సాయంత్రం 5:08

అదీ చెప్పి చూశా బాబాయ్. "ఎమర్జెన్సీ డోరుకు ఫుట్‌బోర్డు ఎవడు పెడతాడు?" అన్నారు నాన్న.